పిల్లల మోకాలు, ఎముకల పెరుగుదల

మోకాలి లోపల కత్తెరవలె ఒకదాని కొకటి అడ్డముగా సాగు రెండు బంధనము లున్నవి. వీనిని వైద్యులు క్రూసియేట్ లిగమెంట్లందురు. ముందరిది తెగినచో, పరుగులో గిరుక్కున తిరిగినపుడు మోకాలు పట్టుతప్పును. పెద్దలకు చేయు శస్త్రచికిత్సను పిల్లలకు చేయుటకు వైద్యులు చిరకాలము వెనుకాడిరి. ఆ జంకునకు మూలమును వెదకుచు పోయినచో ఒక కోడిపిల్ల కడ తేలుదుమనిన శ్రోతలు నవ్వవచ్చును.

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అను మతాచార్యుడు 1727లో ప్రకటించిన గ్రంథమున ఈ ముచ్చట యున్నది. సగము పెరిగిన కోడిపిల్ల కాలియెముకకు అర అంగుళము ఎడముగా రెండు రంధ్రములు పొడిచెను. రెండు నెలలకు ఎముక ఒక అంగుళము పెరిగినది. రంధ్రముల నడిమి దూరము మాత్రము అర అంగుళమే! పిమ్మట జాన్ హంటర్ పందియెముకలో సీసపు గుండ్లు పెట్టి ఇదే కనుగొనెను. ఎముక నడుమ సాగదు, కొనలయందు పెరుగును. పెరుగుదల యంతయు అచటి పలుచని మృదులాస్థి పొరది. మన కాలి పొడవులో సుమారు మూడింట రెండు వంతులు మోకాలి పైని, క్రింది పొరలే పెంచును.

పెద్దల చికిత్స వేరు దారిని నడచినది. 1895లో లీడ్స్ నగరమున మేయో రాబ్సన్ ఒక గనికార్మికుని తెగిన బంధనములను కుట్టెను. 1917లో బ్రిస్టల్ వైద్యుడు హే గ్రోవ్స్ తొడ వెలుపలి గట్టిపొరనుండి పట్టీ తీసి, ఎముకలో తొలిచిన రంధ్రముల గుండ నడిపి, క్రొత్త బంధనము నేర్పరచెను. పెరుగు పిల్లలకు ఈ రంధ్రమే ముప్పు. అది పెరుగుదల పొరను చీల్చి, అచట ఎముక వంతెన కట్టినచో కాలు పొట్టిదగును, లేదా వంకరపోవును.

కనుక పెరుగుదల ముగియువరకు ఆగుడనిరి: ఆడపిల్లలకు సుమారు 14 ఏండ్లు, మగపిల్లలకు 16. పదేండ్ల పిల్లవానిని ఆరేండ్లు ఆటలు మానుమనుట కాగితముపై తేలికే! వాడు మానడు, వదులైన మోకాలిలో ఎముకల నడిమి మెత్తలు నలిగి చినుగును. ఆగుట కూడ నిరపాయము కాదని వైద్యులు గ్రహించుటకు చాల కాలము పట్టినది.

బోస్టనులో లైల్ మికెలీ ఆ తొడపట్టీనే మరల చేపట్టెను. ఎముకను తొలువక, పట్టీ క్రింది కొనను ఉన్నచోటనే యుంచి, తొడయెముక వెనుకగా త్రిప్పి, కీలులోనుండి తెచ్చి, క్రింది యెముక పైపొరకు కుట్టెను. అతడును సహచరులును 2005లో 44 మంది పిల్లల ఫలితములు ప్రకటించిరి. వారిలో ఇద్దరికి మరల శస్త్రచికిత్స కావలసివచ్చినది. కాలి పెరుగుదల ఎవరికిని చెడలేదు.

అట్లని ప్రతి పిల్లకును కత్తి యక్కరలేదు. కొందరికి వ్యాయామచికిత్స చాలునని 2018లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘము పిలిచిన నిపుణులు చెప్పిరి. పుట్టినతేదీని మాత్రమే నమ్మక, వైద్యులు సాధారణముగా ఎడమచేతికి ఎక్స్‌రే తీయింతురు. మోకాలి నొప్పికి చేతి పటమేలయని తల్లిదండ్రులు వింతపడుదురు. ఇంకను ఎంత పెరుగుదల మిగిలియున్నదో తెలుపునవి ఆ చేతి యెముకలే.