అల్యూమినియం పళ్ళేల మీద హైతీ

1936 డిసెంబర్‌లో అలన్ లోమాక్స్ హైతీలో దిగేనాటికి అతనికి 21 ఏళ్ళు. 19 ఏళ్ళు అక్కడ తిష్ఠవేసిన అమెరికా సైన్యం వెళ్ళిపోయి రెండేళ్ళయింది. అదే అమెరికా నుంచి, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున వచ్చిన ఈ కుర్రాడు నాలుగైదు నెలల్లో దాదాపు 1500 రికార్డింగులు చేశాడు. 50 గంటల పైచిలుకు పాట, అల్యూమినియం పళ్ళేల మీద సూదితో గీసుకున్నది.

పళ్ళెం ఒక్కో వైపు పట్టేది కొన్ని నిమిషాలే. రాత్రంతా సాగే వోడూ కొలువు అందులో ఇమడదు, ఎక్కడో ఒకచోట తెగాల్సిందే. నాకు మాత్రం వాటిల్లో బాగా నచ్చేవి 'రారా' పాటలు. ఈస్టర్‌కి ముందు వారాల్లో దారులన్నీ పట్టి తిరిగే ఊరేగింపులవి. వాళ్ళ వెదురు బూరని వాక్సిన్ అంటారు (టీకాతో సంబంధం లేదు!). ఒక్కో బూర పలికేది దాదాపు ఒకే స్వరం. నలుగురైదుగురు తలో స్వరం పట్టుకుని వంతులవారీగా ఊదితే, వాళ్ళందరి మధ్యా ఒక వరస పుడుతుంది. ఊదుతూనే ఆ గొట్టాన్ని పుల్లతో కొట్టి తాళం వేస్తారు. ఒక్క విద్వాంసుణ్ణి మైకు ముందు కూచోబెడితే దొరికే సంగీతం కాదిది.

పల్లెపాటలకి ఇంత హడావిడి దేనికి అనేవాళ్ళకి 1941-42 గుర్తుచేయాలి. మూఢనమ్మకాల నిర్మూలన పేరుతో, ఎలీ లెస్కో ప్రభుత్వం అండతో, కాథలిక్ చర్చి వోడూ గుళ్ళ మీద పడింది. డోళ్ళూ పూజాసామగ్రీ కుప్పలు పోసి తగలబెట్టారు. నవలాకారుడు జాక్ రుమేన్ 1941లోనే బ్యూరో ఆఫ్ ఎత్నాలజీ స్థాపించి, మిగిలినవాటిని సేకరించి దాచే పనికి పూనుకున్నాడు. హైతీ వస్తువుల్ని హైతీలోనే దాచడం. లోమాక్స్ కన్నా నాకు రుమేన్ మీదే గౌరవం ఎక్కువ, అందుకే.

లోమాక్స్ పళ్ళేలు అప్పటికే వాషింగ్టన్‌లో భద్రంగా ఉన్నాయి. భద్రమే, ఎవరికి? గరగర తగ్గించి, శుభ్రంచేసి 10 సీడీల పెట్టెగా తెచ్చింది 2009లో. అంటే 70 ఏళ్ళు దాటాక. పాడిన వాళ్ళ మనవలకే తల నెరిసే వయసు.

బొమ్మల సంగతి ఇంకో రకం. హెక్టర్ ఇపోలిట్ అనే వోడూ పూజారి మోంట్రూయీ ఊళ్ళో ఒక బార్ తలుపు మీద పూలూ పిట్టలూ వేశాడు. 1944లో డివిట్ పీటర్స్ అనే అమెరికన్ రాజధానిలో మొదలెట్టిన సెంటర్ ద ఆర్ట్ అతన్ని పిలిపించుకుంది. ఆంద్రే బ్రెతాన్ వచ్చి బొమ్మలు కొన్నాడు. ఇపోలిట్ 1948లో పోయాడు. కొన్న బొమ్మ కొన్నవాడితో వెళ్ళిపోతుంది. పాటకైతే నకలు తీయొచ్చు, వెనక్కి పంపొచ్చు. అంత తేలికైన పనికి అన్నేళ్ళు పట్టడమే నాకు మింగుడుపడదు.

2010 జనవరి 12 భూకంపం లేయోగాన్ ప్రాంతాన్ని నేలమట్టం చేసింది. రారాకి పేరుమోసిన చోటది. లోమాక్స్ రికార్డుల డిజిటల్ ప్రతులు హైతీకి చేరే ఏర్పాట్లు జరిగింది ఆ రోజుల్లోనే. సీడీల పెట్టెలో ఒకటి ఫ్రాన్సిలియా అనే పల్లె గాయనిది. మొత్తానికి ఆమె గొంతుని వెనక్కి తెచ్చారు.