చెన్నపట్నం హెరాల్డూ, దాని స్పోర్ట్స్ తమ్ముడూ

చెన్నపట్నంలో స్థిరపడ్డ మన పెద్దవాళ్లకి స్టాండర్డ్ హెరాల్డ్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. 1961 నుంచి వండలూరు దగ్గర తయారైన బండి. నాలుగు తలుపుల హెరాల్డ్ మన దగ్గరే వచ్చింది, ఇంగ్లండువాళ్లకి ఆ భాగ్యం లేదు.

ఆ బండి కదిలితే ఎక్కడో ఒక రేకు గడగడమంటుంది. దానికి చరిత్రే కారణం. ఇంగ్లండులో స్టాండర్డ్ కంపెనీకి బాడీలు చేసిపెట్టే ఫిషర్ అండ్ లడ్లోని 1953లో పోటీదారు బీఎంసీ కొనేసింది. కొత్త కారుకి బాడీ మొత్తం ఒకే ముక్కగా చేసిచ్చేవాళ్లు దొరకలేదు. అందుకని పాతకాలం పద్ధతిలో విడిగా చాసీ పెట్టి, దాని మీద ముక్కలు ముక్కలుగా చేయించిన బాడీని బోల్టులతో బిగించారు. గీసినవాడు ఇటలీకి చెందిన మికెలోటి. 1959లో హెరాల్డ్ వచ్చింది. విడి భాగాలుగా ఓడల్లో పంపి వేరే దేశాల్లో బిగించడానికీ ఈ పద్ధతి బాగా కలిసొచ్చింది.

1962లో అదే చాసీని పొట్టి చేసి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేశారు. అది మన దగ్గర తయారు కాలేదు. కానీ హెరాల్డ్ మీద చెయ్యి తిరిగిన టింకరింగ్ మేస్త్రికి అది చుట్టాల బండిలాగే కనిపిస్తుంది. ప్రమాదం అక్కడే వుంది.

ముందుభాగం వూగుతుంటే రెండింటికీ వైద్యం ఒకటే. ముక్కు మొత్తం ముందుకి తెరుచుకునే బానెట్ అది. చాలామంది పక్కనున్న కొక్కేలని బిగించేస్తారు. ముందు ముక్కు దగ్గర కీళ్లు అరిగాయా, వెనక అంచుని కూర్చోబెట్టే రబ్బరు కోన్లు ఎండిపోయాయా చూడాలి. కోన్లు మార్చి, కీళ్ల బోల్టులు కాస్త వదులు చేసి, తలుపుతో సందు సమంగా వచ్చేదాకా జరిపి, కొక్కేలు ఆఖర్న బిగించాలి.

తలుపు కింద పొడుగు రేకు, అదే సిల్, వదులైతే మాత్రం కథ వేరు. హెరాల్డ్‌లో పక్కల బరువు చాసీ మోస్తుంది, సిల్ వట్టి అలంకారం. నాలుగు బోల్టులు బిగిస్తే సరిపోయె. స్పిట్‌ఫైర్‌లో చాసీ పక్క చేతులు తీసేశారు కాబట్టి ఆ బలం సిల్ ఇవ్వాలి. అది తుప్పు పట్టి వూగుతోందంటే బండి నడుము వంగుతోందన్నమాట. తలుపు పైభాగంలో సందు మూసుకుపోవడమే గుర్తు. పైన పుట్టీ పూసి రంగేస్తే చూడ్డానికి బాగానే వుంటుంది, దెబ్బ తగిలిన రోజున తెలుస్తుంది.

అలాంటప్పుడు బండిని సమంగా నిలబెట్టి, తలుపు ఖాళీకి అడ్డంగా ఇనప పట్టీ వెల్డింగ్ చేయించి, అప్పుడే పాత సిల్ కోయించండి. ఒక పక్క పూర్తయ్యాకే రెండో పక్క. పట్టీ లేకుండా కోస్తే బాడీ వంగిపోతుంది, ఆ తర్వాత తలుపు ఏ మేస్త్రి వచ్చినా కుదరదు.