పాత లారీలు – వాని గాలిశుద్ధి పాత్రలు



పాత మోటారు లారీ పెట్రోలుతో నడచెడిదని యందఱు నెఱుగుదురు. కాని పెట్రోలుకంటె నది యెన్నో మడుఁగు లెక్కువగా గాలిని పీల్చునని తలంచువారు తక్కువ. ఒక గాలను పెట్రోలు చక్కగా మండుటకు సుమారు 9,000 గాలనుల గాలి కావలయును. మన మిడుతూరు ప్రాంతమున వేసవియందు రేగడిబాటపై నొక లారీ ముందు సాగినచో, వెనుక వచ్చువానికి త్రోవ కానరాదు. ఆ దుమ్ముగాలినే వెనుక లారీ పీల్చవలెను. అట్టి గాలిని వడపోయుటకై కార్బురేటరుపై నమర్చిన డబ్బాకే ఎయిర్ క్లీనరని పేరు. అది చెడినప్పుడు దానికి మాఱుగా నేమి పెట్టవలెనను ప్రశ్నకు దాని చరిత్రమే మంచి యుత్తరము.

తొలినాటి మోటారులకు ఈ పాత్ర లేదు. జర్మనీ దేశస్థుఁడగు కార్ల్ బెంజ్ తన మోటారుబండికి 1886లో పేటెంటు పొందెను. ఆ దేశమువాఁడే యగు విల్హెల్మ్ మైబాఖ్ 1893లో పెట్రోలును తుంపరగా జిమ్ము కార్బురేటరును రూపొందించెను. ఆ దినములలో కార్బురేటరు నోరు తెఱచియే యుండెడిది. దుమ్ము నేరుగా సిలిండరులోనికి పోయెడిది. ఇసుకరేణువు పోత యినుముకంటె కఠినము. అది సిలిండరు గోడమీది నూనెతో కలిసి సానపొడివలె పనిచేయును. పిస్టను రింగు లరుగును, సిలిండరు వెడల్పగును, నూనె మండి నీలిపొగ వచ్చును, లారీ బరువు లాగలేక పోవును. తుదకు సిలిండరును మరల తొలిపింపవలసివచ్చును. ఒక పంట కాలపు కిరాయి యంతయు నా మరమ్మతునకే చెల్లును.

పొలములలో ట్రాక్టరులు దున్నసాగిన పిదప నీ నష్టము మిక్కిలి స్పష్టమయ్యెను. 1920 తరువాతి సంవత్సరములలో పలువిధములగు పాత్రలు వాడుకలోనికి వచ్చెను. కొన్ని గాలిని సుడి త్రిప్పి దుమ్మును వెలికి విసరెడివి. కొన్నిటియందు నూనెలో తడిపిన తీఁగచిక్కు ఉండెడిది. 1930 తరువాత ఆయిల్‌బాత్ పాత్ర వ్యాపించెను. దీని పని మన కళ్ళమున తూర్పారబట్టుట వంటిదే. అచ్చట గాలి పొల్లును తీసికొనిపోవును, బరువైన గింజ నేలరాలును. ఇచ్చట గాలి క్రిందికి దిగి, నూనెమీఁదుగా గిరుక్కున మరలి పైకి పోవును. బరువైన ధూళి యట్లు మరలలేక నూనెలో పడును. మిగిలిన సన్నధూళి నూనెతడి గల తీఁగలకు అంటుకొనును.

1939 మొదలు 1945 వరకు జరిగిన ప్రపంచయుద్ధమున ఉత్తర ఆఫ్రికా యెడారిలో నడచిన సేనాశకటములకు ఈ పాత్రలే ప్రాణరక్షకములు. అప్పుడే మన దేశమున పెట్రోలుకు కొఱత కలిగి, బస్సులు, లారీలు బొగ్గుగ్యాసుతో నడచెను. ఆ గ్యాసును చక్కగా వడపోయనిచో బూడిద యంత్రములోనికి పోవుచుండెను. జల్లెడ యెంత శుభ్రమో యంత్రమున కంత యాయుష్షని నాఁటి డ్రైవరులకు అనుభవమున తెలిసెను.

యుద్ధానంతరము సైన్యము విడిచిన లారీలు అనేకములు ప్రజలచేతికి వచ్చెను. "ఈ డబ్బా తీసివేసినచో లారీ బాగుగా లాగును" అను మాట యట్టి పాతలారీల విషయమున తఱచు వినబడును. అందు కొంత నిజము లేకపోలేదు. పాత్ర బురదతో పూడినచో గాలి చాలక, పెట్రోలు వృథాయై, నల్లపొగ వచ్చును. కాని ఆ దోషము బురదది, పాత్రది కాదు. గొంతులో కఫము చేరినచో ముక్కు కోసికొందుమా? వేఱొక యపాయమును గలదు. యంత్రము ఒక్కొక్కప్పుడు కార్బురేటరు గుండా వెనుకకు మంట చిమ్మును. డబ్బా యుండినచో ఆ మంట బానెట్టు క్రింద వ్యాపింపకుండ నది యడ్డుకొనును.

1950 తరువాత మడతల కాగితపు ఫిల్టరులు వ్యాపించెను. 1954లో టాటావారు డీజిలు లారీల నిర్మాణ మారంభించిరి. డీజిలు యంత్రమునకు కార్బురేటరు లేదు గాని గాలిశుద్ధి తప్పలేదు. క్రమముగా పెట్రోలు లారీలు వెనుకబడెను.

ఇప్పటికి నట్టి పాత లారీ యేదేని మీ యూరి కొట్టమున మిగిలియుండి, దాని పాత్ర తుప్పుపట్టినచో, క్రొత్తది చూపునకు చక్కగా నున్నదని కొనకుఁడు. మునుపటి పాత్ర యంత గాలి నిచ్చునదిగా నుండవలెను, మెడ కార్బురేటరు నోటికి సందు లేక అతుకవలెను, బానెట్టు మూఁతపడవలెను. సన్నని సందైనను వడపోఁత వ్యర్థము. ఆయిల్‌బాత్ అయినచో నూనె గీఁతవఱకే పోయవలెను: తక్కువైన దుమ్ము దాఁటును, ఎక్కువైన యంత్రము నూనెను పీల్చును. కాగితపు ఫిల్టరును కిరసనాయిలుతో కడుగరాదు, పూడినప్పుడు మార్చవలెను. పిదప కార్బురేటరు సవరణను మేస్త్రీచేత పరీక్షింపజేయవలెను.

తక్కువ వెలగల పాత్ర మిక్కిలి వెలగల యంత్రమును కాచును. దుమ్ము మన నేల గుణము; దానిని మాన్పలేము. గడప దాఁటకుండ నాపుటయే మన చేతిలోని పని.