రంపం పళ్ళ కథ

కొట్టుకి వెళ్ళి చెయిన్ రంపం చూపించమంటే కుర్రాడు ముందు ఇంజను సంగతి చెబుతాడు. ఎన్ని సీసీలు, బరువెంత, వారంటీ ఎన్నాళ్ళు. చెయిను మాటేమిటంటే "అది దాంతోపాటే వస్తుంది సార్" అని తేల్చేస్తాడు. బాపట్లలో కట్టెల అడితి నడిపిన ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు అక్కడే పేచీ. మా అడితిలో గొడ్డలి ఎవరు పడితే వాళ్ళు పుచ్చుకునేవారు గానీ, ఆకురాయి మాత్రం ఒక్కడి చేతిలోనే ఉండేది.

ఆయన కోతమేస్త్రి. మా నాన్నకన్నా పెద్ద, మేం పెదనాన్నా అనే పిలిచేవాళ్ళం. పొద్దున్నే రంపాన్ని పళ్ళు పైకి ఉండేట్టు రెండు కొయ్యల మధ్య బిగించి, గొంతుకూర్చుని, ఒక్కో పన్నూ రాసుకుంటూ పోయేవాడు. అన్ని పళ్ళకీ ఒకే లెక్క, ఒకే వాలు. రాయడం అయ్యాక పళ్ళని ఒకటి కుడికి, ఒకటి ఎడమకి వీసమంత వంచేవాడు. కోత రంపం రేకు కన్నా వెడల్పుగా పడకపోతే పచ్చి మానులో రేకు ఇరుక్కుపోతుంది మరి. చివర్న ఒక కన్ను మూసి, రంపం కొసనుంచి పళ్ళ వరస మీదుగా చూసేవాడు. "ఒక్క పన్ను పొడుగున్నా పని దానిదేరా, మిగతావన్నీ ఊరికే తిరిగొస్తాయి" అనేవాడు.

అడితికి ఎక్కువగా వచ్చేది సరుగుడు. ఇప్పుడు సరుగుడు తోటలు లేని బాపట్ల, చీరాల తీరాన్ని ఊహించలేం గానీ, ఆ చెట్టు మనది కాదు. పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో మద్రాసు ప్రెసిడెన్సీ తీరం వెంట దాన్ని విరివిగా పెంచింది రైలింజన్ల కోసం. అప్పట్లో ఇంజన్లు కట్టెలే తినేవి. ఇల్లందు దగ్గర 1889లో సింగరేణి బొగ్గు తవ్వకం మొదలైంది, రైళ్ళు క్రమంగా బొగ్గుకి మళ్ళాయి, సరుగుడు వంటపొయ్యిల పాలైంది. ఇసుకలో పెరుగుతుంది, నిటారుగా పోతుంది, పచ్చిగా ఉన్నా మండుతుంది. అడితి వ్యాపారికి అంతకన్నా ఏం కావాలి?

తుమ్మ, మామిడి, చింత మొద్దులు కూడా వచ్చేవి. సన్నకట్టెకి గొడ్డలి చాలు. మొద్దుని అడ్డంగా కోయాలంటే రెండువైపులా పిడులున్న రంపం, చెరోపక్క ఒక మనిషి. లాగడమే తప్ప నెట్టకూడదు, నెడితే రేకు వంగుతుంది. కోసిన మొద్దుకి ఇనప చీల దిగ్గొట్టి సమ్మెటతో చీల్చేవారు. చింత మొద్దు చీలేది కాదు, దాన్ని మాంసం కొట్టువాళ్ళు పట్టుకుపోయేవారు. పేళ్ళు కాటా మీదికెక్కేవి. అప్పటికి కిలోలొచ్చి చాలాకాలమైనా మా నాన్న నోట మణుగులే పలికేవి.

దూలాలు, పలకలు కోసే పని వేరు. మానుని గోతి మీద ఎత్తి పెట్టి, మసి పూసిన దారం లాగి కొట్టి గీత వేసేవారు. పైన ఒకడు, గోతిలో ఒకడు. పైవాడిది గీత తప్పకుండా చూసే బాధ్యత. కిందవాడిది లాగుడు, ఆపైన కళ్ళలో పడే పొట్టు. తలకీ మొహానికీ తువ్వాలు చుట్టుకుని, కళ్ళు చికిలించి లాగేవాడు. జిగురు పట్టినప్పుడు రేకుకి కిరసనాయిలు రాసేవారు. ఆ పొట్టునీ పారబోసేవారు కాదు, ఊళ్ళో కాఫీ హోటళ్ళ పొట్టు పొయ్యిల్లోకి బస్తాలకెత్తేవారు. సామిల్లులొచ్చి ఈ గోతులు పూడిపోయాయి. వాటికోసం నేనేం బెంగపెట్టుకోను. కిందవాడి కళ్ళు చూసినవాణ్ణి.

సామిల్లు మాను దగ్గరికి రాదు, మానే దాని దగ్గరికి వెళ్ళాలి. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన తుపాను మా బాపట్లనీ కొట్టినప్పుడు ఆ తేడా బాగా తెలిసింది. దారులన్నిటికీ అడ్డంగా చెట్లు. అడితి మనుషులు గొడ్డళ్ళూ రంపాలూ భుజాన వేసుకుని బయల్దేరారు. కొమ్మలు నరికి, మానుని మోయగలిగినంత ముక్కలు చేసి, పక్కకి దొర్లించేవారు. మధ్యలో పెదనాన్న రోడ్డు పక్కనే కూర్చుని ఆకురాయి తీసేవాడు. సాయానికి వచ్చినవాళ్ళు విసుక్కున్నా లేచేవాడు కాదు.

మాను దగ్గరికే మిషను వెళ్ళాలన్న ఆలోచన అప్పటికే పాతబడింది. అసలు గొలుసుకి పళ్ళు పెట్టి కోయడం మొదలైంది అడవిలో కాదు, వైద్యుల చేతుల్లో. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో స్కాట్లండులో జాన్ ఎయిట్‌కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు వైద్యులు ఎముకలు కోయడానికి సన్నని పళ్ళ గొలుసు వాడారు. 1830లో జర్మనీలో బెర్నార్డ్ హైనె దాన్ని ఒక పలక చుట్టూ తిరిగేట్టు చేసి చేతిపిడి బిగించాడు. మత్తుమందు లేని రోజులు, వేగంగా కోయడమే దయ. మిషను ఆకారం మాత్రం ఇప్పటికీ అదే.

చెట్లకోసం 1926లో ఆండ్రియాస్ స్టీల్ కరెంటు రంపం చేశాడు. 1927లో ఎమిల్ లెర్ప్ తన పెట్రోలు రంపాన్ని తురింగియాలోని డోల్మార్ కొండమీద పరీక్షించి, కొండ పేరే కంపెనీకి పెట్టుకున్నాడు. అవి నలభై కిలోలకి పైబడ్డ బరువులు, ఇద్దరు మోయాలి. ఇంజను వచ్చినా మన పిడుల రంపంలాగే చెరోపక్క ఒక మనిషి తప్పలేదు. పళ్ళు కూడా పాతవే. చేతిరంపం పళ్ళని గొలుసుకి ఎక్కించారంతే. అవి కలపని గీరతాయి, తొందరగా మొద్దుబారతాయి, వాటిని రాయడానికే సగం పొద్దు పోతుంది.

ఇక్కడే నాకిష్టమైన మనిషి వస్తాడు. జో కాక్స్, అమెరికాలో ఆరిగన్ రాష్ట్రపు అడవుల్లో పనిచేసినవాడు. 1946లో కట్టెలు కొడుతుంటే ఒక మొద్దులో కలపపురుగు కనబడింది. చూపుడువేలంత పిల్లపురుగు, గట్టి కలపని నిలువుకీ అడ్డానికీ తేడా లేకుండా తొలుచుకుపోతోంది. దాని దవడలు రెండూ కొడవళ్ళలా వంగి, ఒకటి ఎడమకీ ఒకటి కుడికీ కోస్తున్నాయి. కాక్స్ ఆ దవడల్ని ఉక్కులో పోతపోసినట్టు గొలుసుకి పళ్ళు చేశాడు. 1947లో పోర్ట్‌లండ్‌లో తన ఇంటి నేలమాళిగలోనే అమ్మకానికి తయారుచేయడం మొదలుపెట్టాడు. ఈ పన్ను గీరదు, వడ్రంగి చిత్రికలా పొర లేపుతుంది. పన్నుకి ముందు చిన్న మిట్ట ఒకటుంటుంది, పొర ఎంత మందాన లేవాలో అదే నిర్ణయిస్తుంది. ఈరోజు మనూళ్ళో అమ్మే ఏ కంపెనీ రంపం చెయిను తీసి చూసినా ఆ పురుగు దవడే కనబడుతుంది.

తర్వాతి మార్పులు ఎక్కువగా మనిషి ఒంటిని కాపాడుకోవడానికి వచ్చినవే. 1950లో స్టీల్ కంపెనీ ఒక్కడే మోయగల పెట్రోలు రంపం తెచ్చింది. డయాఫ్రం కార్బురేటరు వచ్చాక రంపాన్ని ఎటు ఒంచినా ఇంజను ఆగడం మానేసింది. చలిదేశాల్లో అదురుకి వేళ్ళు తెల్లబడి మొద్దుబారుతుంటే 1960ల్లో పిడికీ ఇంజనుకీ మధ్య రబ్బర్లు పడ్డాయి. పలక మూతి పైభాగం కలపకి తగిలితే రంపం ఎగిరి మొహం మీదికొస్తుంది. అలా ఎందరో గాయపడ్డాకే 1970ల మొదట్లో చెయిను బ్రేకు వచ్చింది. బ్రేకు తీసేసి పనిచేసే కూలీలు మా వైపు ఇప్పటికీ ఉన్నారు, "అడ్డమొస్తోంది బాబాయ్" అంటారు. నేనైతే అలాంటివాణ్ణి తోటలోకి రానివ్వను.

1999లో దీపం పథకం వచ్చింది. గ్యాసుబండ గుడిసెల్లోకీ చేరాక అడితికి మిగిలింది పెళ్ళివంటలూ కాష్ఠమూ. మా నాన్న కాటా అమ్మేశాడు. నాకు మిగిలింది మామిడితోట, దాని గట్టున సరుగుడు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. పడ్డ చెట్లు కోయడానికి మిషను మనిషి కోసం ఊరంతా వరస కట్టింది. సొంతంగా ఒకటి కొనాలనుకున్నది అప్పుడే.

ఏడాదిలో నాలుగైదు మార్లు తీసేవాడికి పెద్ద ఇంజను దండగ. నలభైకీ యాభైకీ మధ్య సీసీలు, పదహారంగుళాల పలక, మామిడి కొమ్మకీ సరుగుడు మొద్దుకీ అవి చాలు. కొట్టు దగ్గర నేనడిగినవి వేరు. ఈ చెయిను ఊళ్ళో విడిగా దొరుకుతుందా? విప్పి బాగుచేసేవాడు ఎంత దూరంలో ఉన్నాడు? బ్రేకు పిడి ముందుకి నెడితే టక్కున పడుతోందా? అప్పుడప్పుడూ వాడే రంపం చాలాసార్లు పాడయ్యేది కోతలో కాదు, మూల పడుకుని. ఇథనాలు కలిసిన పెట్రోలు నెలల తరబడి ట్యాంకులో ఉంటే నీరు పట్టి, కార్బురేటరు జిగురుకడుతుంది. అందుకే పని కాగానే ట్యాంకు వంచేసి, మిగిలింది మండిపోయేదాకా ఇంజను తిప్పి ఆపుతాను. లీటరుకి ఇరవై మిల్లీలీటర్ల టూస్ట్రోకు ఆయిలు అని నా మిషనుకి రాసుంది, ఆ కొలతకే కలుపుతాను.

మా నేలకి అసలు శత్రువు ఇసుక. మాను అడుగు కోస్తూ పలక మూతి ఒక్కసారి ఇసుకకి తగిలిందా, చెయిను పని అయిపోయినట్టే. గుర్తుపట్టడం తేలిక. పదునున్న చెయిను కింద గోటిపాటి పొరలు రాలతాయి, మొద్దుబారితే పిండి రాలుతుంది. పిండి కనబడ్డాక కూడా బలంగా నొక్కితే చెయిను కాలుతుంది, పలక అరుగుతుంది, మనిషి అలుస్తాడు. పదును పెట్టమని షాపుకి ఇస్తే గ్రైండరు చక్రం మీద పెడతారు. నిదానం లేని చెయ్యి పడితే పన్ను నీలం తిరిగి గట్టిదనం పోతుంది. నేను చేత్తోనే రాస్తాను, ఒక్కో పన్నుకీ అన్నే తోపులు, కుడివి అన్నీ అయ్యాక ఎడమవి.

ఇప్పుడు బ్యాటరీ రంపాలూ వచ్చాయి. మా అబ్బాయి అదే తీసుకోమన్నాడు. కొమ్మలకి బాగుంటుంది, చప్పుడు తక్కువ, పెట్రోలు గొడవ లేదు. తుపాను తర్వాత కరెంటు వచ్చేసరికి ఎన్నాళ్ళవుతుందో వాడికన్నా నాకు బాగా తెలుసు కాబట్టి పెట్రోలుదే కొన్నాను. అదనంగా ఒక చెయిను, నా చెయిను కొలతకి సరిపోయే 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాళ్ళు మూడు. అవి తేవడానికి కొట్టు కుర్రాడు గోడౌనుకి వెళ్ళాల్సి వచ్చింది.