మూసీ వరద తరువాత హైదరాబాదు

హైదరాబాదు నగరమును చూడవచ్చువారు సాధారణముగా నయాపూలు మీద కొంతసేపు నిలుచుదురు. దక్షిణపు గట్టున ఎఱ్ఱరాతి హైకోర్టు భవనము, దానికి సమీపముననే సిటీ కాలేజి. ఉత్తరపు గట్టున పెద్ద గుమ్మటములతో ఉస్మానియా ఆసుపత్రి, దానికి కొంత దూరమున పూర్వము ఆసఫియా గ్రంథాలయమని పిలువబడిన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము కనబడును. ఒక చిన్న నదికి ఇరువైపుల ఇంతటి భవనములు ఎట్లు వచ్చినవని ఆలోచించువారు తక్కువ. ఇవి అన్నియు 1915కును 1936కును నడుమ లేచినవి. అంతకు కొద్ది కాలము ముందు, 1908 సెప్టెంబరు 28వ తేదీ సోమవారమునాడు, ఆ గట్ల మీద నీరు నిలువెత్తున పారినది.

మూసీ అనంతగిరి కొండలలో పుట్టి తూర్పుగా ప్రవహించును. నగరమునకు కొంచెము ఎగువన, లంగర్‌హౌజు దగ్గర, ఈసీ అను ఉపనది దానిలో కలియును. వేసవిలో పిల్లలు నడిచి దాటగల నది ఇది. కాని వరదలు దానికి క్రొత్త కావు. 1831లో చాదర్‌ఘాటు వంతెన కట్టుచుండగానే వరద వచ్చి పనిని పాడుచేసినది. అయినను 1908 వరద వేరు. శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళములు, 48 గంటలలో 18.9 అంగుళములు వాన కురిసినట్లు లెక్క కలదు. ఆ ప్రాంతమున ఏడాది మొత్తము మీద పడు వానలో సగమునకు మించినది రెండు రోజులలో పడినదన్నమాట.

నగరమునకు ఎగువన మూసీ పరీవాహక ప్రాంతము సుమారు 860 చదరపు మైళ్లు. విద్యార్థులు ఒక చిన్న లెక్క చేసి చూడవచ్చును. ఒక చదరపు మైలు నేల మీద ఒక అంగుళము వాన పడిన 23,23,200 ఘనపుటడుగుల నీరగును. దానిని 860తో హెచ్చించిన సుమారు 200 కోట్ల ఘనపుటడుగులు. ఇది ఒక్క అంగుళమునకు! నేల కొంత త్రాగును, గుంటలలో కొంత నిలుచును. అంతటను శంషాబాదులో వలెనే కురిసినదనియు చెప్పలేము. ఎంత తగ్గించి చూచినను మిగులునది సామాన్యమైన నీరు కాదు.

ఆ 860 చదరపు మైళ్లలో 788 చెరువులు ఉండెను. అనగా దాదాపు మైలుకొక చెరువు. తెలంగాణములో చెరువులు విడివిడిగా ఉండవు. పై చెరువు నిండిన దాని మత్తడి నీరు క్రింది చెరువునకు, అది నిండిన ఆ క్రింది దానికి చేరును. దీనినే గొలుసుకట్టు అందురు. సామాన్యమైన వానకు ఇంతకంటె మంచి ఏర్పాటు లేదు. నీరు మెల్లమెల్లగా దిగును, ప్రతి ఊరికి కొంత మిగులును. కాని గొలుసులో పై చెరువు కట్టకు గండి పడిన, అది నెలల తరబడి దాచిన నీరంతయు కొద్ది గంటలలో క్రింది చెరువు మీద పడును. ఆ చెరువు కట్టినవాడు తన ఎగువనున్న నేల మీది వానను లెక్కించుకొనెనేగాని, పై చెరువు తెగి మీద పడునని ఎంచలేదు. అదియు తెగును. ఆ రెండు రోజులలో 221 చెరువులు ఇట్లు తెగిపోయినవి. నగరము దగ్గర వరద పెచ్చు సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని తరువాత అంచనా వేసిరి. చెరువులే వరదను తెచ్చినవని కొందరు నిందించిరి గాని అది సగము నిజము. తెగని 567 చెరువులు ఎంత నీటిని ఆపినవో ఎవరును చూడలేదు.

తెల్లవారుజామునుండి నీరు పెరిగినది. అఫ్జల్ వంతెన, ముసల్లంజంగు వంతెన, చాదర్‌ఘాటు వంతెన, మూడును తెగిపోయినవి. 1578లో కట్టిన పురానాపూలు ఒక్కటే నిలిచి నగరపు రెండు భాగములను కలిపినది. అఫ్జల్‌గంజి ఆసుపత్రి కొట్టుకొనిపోయినది. దాని ఆవరణలోని ఒక చింతచెట్టెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో తరువాత నూరేండ్లకు పైగా నిలిచినది. చనిపోయినవారి సంఖ్య విషయమున ఏకాభిప్రాయము లేదు. 15 వేలని తరచుగా చెప్పుదురు. అంతకు ఎన్నో రెట్లు చెప్పువారును కలరు. నదిగట్టున మట్టిగోడల ఇండ్లలో కాపురమున్న పేదవారిని ఎవరు లెక్కపెట్టి ఉంచిరి? ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను తన భవనముల తలుపులు తెరిపించి నిరాశ్రయులకు అన్నము పెట్టించెననియు, నదికి పూజచేసి శాంతింపజేసెననియు నగరవాసులు చెప్పుకొందురు.

ఆ సమయమున మోక్షగుండం విశ్వేశ్వరయ్య బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి విదేశములలో పర్యటించుచుండిరి. నిజాము ప్రభుత్వము ఆయనకు కబురంపినది. ఆయన 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి, వాన లెక్కలు, నీటి జాడలు, తెగిన చెరువుల వివరములు సేకరించి, అక్టోబరు నాటికి నివేదిక సమర్పించిరి. నది గట్లు ఎత్తు చేయుటతో సరిపెట్టుకొనుడని ఆయన చెప్పలేదు. నీటిని నగరమునకు పైననే పట్టి ఉంచవలెననియు, అందుకు మూసీ మీద ఒకటి, ఈసీ మీద ఒకటి జలాశయములు కట్టవలెననియు చెప్పిరి. గట్ల వెంబడి తోటలు, విహారమునకు బాటలు ఏర్పరచవలెననియు, మురుగునీటికి ప్రత్యేకముగా కాలువలు వేయవలెననియు ఆ నివేదికలో ఉన్నది. వరద గురించి అడిగిన, ఆయన నగరము గురించి జవాబు చెప్పిరనవచ్చును.

మూసీ మీది ఉస్మాన్‌సాగరు 1920లో, ఈసీ మీది హిమాయత్‌సాగరు 1927లో పూర్తియైనవి. మొదటి దానిని జనులు గండిపేట చెరువనియే పిలుతురు. గండిపేట నీళ్లు త్రాగినవాడు హైదరాబాదు విడిచిపోడని సామెతగా కూడ చెప్పుదురు. ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. వరదను ఆపవలెనన్న జలాశయము వానకాలమున ఖాళీగా ఉండవలెను. నగరమునకు త్రాగునీరు ఇయ్యవలెనన్న అదే జలాశయము నిండుగా ఉండవలెను. ఉస్మాన్‌సాగరులో పట్టునది సుమారు 390 కోట్లు, హిమాయత్‌సాగరులో సుమారు 300 కోట్ల ఘనపుటడుగులు. 1908 నాటి పెచ్చు వరద అదే వేగముతో వచ్చిన, రెండును పూర్తిగా ఖాళీగా ఉన్నను నాలుగున్నర గంటలలో నిండిపోవును. కనుక ఎంత నీరు ఉంచవలెను, తలుపులు ఎప్పుడు ఎత్తవలెను అను నిర్ణయము ప్రతి వానకాలమున క్రొత్తగా చేయవలసినదే. 2025 సెప్టెంబరు చివర ఆ తలుపులెత్తి నీరు వదలినప్పుడు దిగువన ఇమ్లీబన్‌లోని మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి నీరు వచ్చి ప్రయాణికులను బయటకు చేర్చవలసివచ్చెను. ఇమ్లీబన్ అనగా చింతవనము. నది నడుమనున్న నేల అది.

జలాశయములకంటె ముందే 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. వరదకు తోడు 1911లో ప్లేగు కూడ వ్యాపించుటచే ఇరుకుసందులు తీసివేయవలెనను తలంపు బలపడినది. ఆ సంస్థ ఇరుకు పేటలను తొలగించి రోడ్లు వెడల్పు చేసినది, ఇండ్లు కట్టినది. చార్మినారుకు పోవు దారిలో పత్తర్‌గట్టి రాతి దుకాణముల వరుస దాని పనియే. విన్సెంట్ ఎష్ అను వాస్తుశిల్పి హైకోర్టు, సిటీ కాలేజి, ఉస్మానియా ఆసుపత్రి, కాచిగూడ రైలు స్టేషను రూపొందించిరి.

ఈ నిర్మాణమంతయు చూచి నగరము వెంటనే కోలుకొన్నదని అనుకొనరాదు. జనాభా లెక్కలు మరొక మాట చెప్పును. 1901లో సుమారు నాలుగున్నర లక్షలున్న నగర జనాభా 1911 నాటికి ఐదు లక్షలైనది. 1921 నాటికి నాలుగు లక్షలకు దిగినది. వరద తరువాత ప్లేగు, ఆపైన 1918 నాటి విషజ్వరము నగరమును పీడించినవి. రాళ్లు లేచుచున్న కాలముననే మనుష్యులు తగ్గిరి. నగరము మరల పెరుగుట 1921 తరువాతి మాట. అప్పటికి త్రాగునీరు, రోడ్లు, ఆసుపత్రి సిద్ధముగా ఉండుట ఆ పెరుగుదలకు ఎంతో తోడ్పడినది. 1914లో పురావస్తుశాఖ ఏర్పడి, నిజాము రాజ్యములో భాగముగా ఉన్న అజంతా గుహల సంరక్షణ చేపట్టినది. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. చూడవచ్చువారికి దారియు దొరకినది, చూచుటకు స్థలములును దొరకినవి. గండిపేట కట్ట మీద సెలవుదినమున అన్నపుమూటలు విప్పు కుటుంబములకు, అది ఒక విపత్తునకు జవాబుగా కట్టినదను సంగతి గుర్తుండకపోవుట సహజమే. వరద మీద కట్టిన కట్ట విహారస్థలమగుటయే కోలుకొనుటకు గుర్తు.

1996లో ఈ రెండు జలాశయముల చుట్టును పది కిలోమీటర్ల మేర కట్టడములను అదుపుచేయుచు 111వ నంబరు ఉత్తర్వు వెలువడినది. 2022లో ప్రభుత్వము ఆ ఆంక్షలను తొలగింప నిర్ణయించినది. మూసీ గట్లను మరల తీర్చిదిద్దుటకు 2017లో ఒక ప్రభుత్వ సంస్థ ఏర్పడినది. 2024లో నదీగర్భమునందలి ఇండ్ల తొలగింపు మొదలైనది. విహారమునకు గట్లు కావలెను, ఆ గట్లలో కాపురమున్నవారికి ఇండ్లును కావలెను.

ఇక నగరమునకు ఉత్తరమున, మేడ్చలు పోవు దారిలో, కొంపల్లి కలదు. ఒకప్పుడు పొలములు, ద్రాక్షతోటలు ఉన్న ఆ దారి వెంబడి తరువాత భోజనశాలలు, పెండ్లి మండపములు, విహారస్థలములు వెలసినవి. సెలవు వచ్చిన నగరవాసులు కొంపల్లికిని, అక్కడనుండి శామీర్‌పేట చెరువునకును పోవుట అలవాటు. కొంపల్లి ప్రక్కననే కొల్లచెరువు ఉన్నది. దానినే ఫాక్స్‌సాగరు అందురు. నిజాముల కాలమున, 19వ శతాబ్దము చివర కట్టినది. అది నిండిన నీరు కూకట్‌పల్లి నాలాద్వారా హుస్సేన్‌సాగరునకును, అక్కడనుండి మూసీకిని పోవును. అనగా కొంపల్లియు ఆ గొలుసులోనిదే.

2020 అక్టోబరు 13, 14 తేదీలలో భారీవానలు కురిసినప్పుడు ఈ చెరువు పొంగి, ప్రక్కనున్న ఉమామహేశ్వర కాలనీ మునిగినది. ఎండ వచ్చిన తరువాతను వారముల తరబడి అక్కడ నీరు దిగలేదు. ఈసారి కట్ట తెగలేదు. నీరు ఉండవలసిన చోట ఇండ్లు ఉండుటచే, చెరువు తన హద్దులలోనికే వచ్చినను అది వరద అయినది. 1908లో గండి పడిన కట్టలను మట్టి పోసి పూడ్చవచ్చును. కాలనీగా మారిన శిఖము భూమిని తిరిగి చెరువు చేయుట అంత సులభము కాదు. ఇండ్లు కొన్నవారు అందుకు డబ్బు చెల్లించినవారే.

ఆ ప్రాంతపు పాఠశాలల ఉపాధ్యాయులు విద్యార్థులతో కొల్లచెరువు కట్ట మీదికి వెళ్లి, దాని మత్తడి ఎక్కడ ఉన్నదో, అక్కడనుండి నీరు పోవు నాలా ఎంత వెడల్పున్నదో టేపుతో కొలిచి, పాత గ్రామ పటములోని వెడల్పుతో సరిచూడవచ్చును. ఒక పూటలో అగు పని.