హుగ్లీ గర్భమున మార్గము

బొంబాయినుండి బయలుదేరి నాగపూరు, దుర్గ్, భిలాయి, రాయపూరులను దాటి వచ్చు రైలుబండి హౌరాలో ఆగిపోవును. ఎదుట కలకత్తా మహానగరము కనబడుచునే యుండును. నడుమ హుగ్లీ నది. హౌరానుండి తొలి బండి 1854 ఆగస్టు 15వ తేదీన కదలినది. ఎగువన నైహతి, బాలీల వద్ద రైలు వంతెనలు వెలసినవి గాని, హౌరాకు ఎదురుగా రైలు నదిని దాటి నగరము చొచ్చుటకు నూటడెబ్బది యేండ్లు పట్టినది. దాటినదియు నదిమీదుగా గాదు, నదిక్రిందుగా.

మొదట పడవలే శరణ్యము. 1874లో పడవలను వరుసగా కూర్చి, వానిపై బాట పఱచి, తేలు వంతెన కట్టిరి. ఓడలు పోవునప్పుడు నడిమి భాగమును విప్పుచుండిరి. అంతవఱకు బండ్లును బాటసారులును వేచియుండవలసినదే. 1943లో నేటి హౌరా వంతెన దానిస్థాన మాక్రమించినది. ఉక్కునగర వాసులకు ఇందొక ముచ్చట కలదు. ఆ వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు టాటా కర్మాగారము సమకూర్చినదే. భిలాయిలో తొలి కొలిమి వెలుగుటకు పదునాఱేండ్ల ముందటి మాట యిది.

నది యడుగున బాట వేయవలెనను తలంపు లండనులో ఫలించినది. థేమ్సు నదిపై ఓడల రాకపోకలు మెండు. దిగువన వంతెన కట్టిన అవి నిలిచిపోవును. ఓడకొయ్యను తొలుచు పురుగు తన తలను గట్టి పెంకుతో కాచుకొనుచు ముందునకు సాగుట మార్క్ బ్రూనెల్ గమనించెనందురు. ఆ పోలికనే ముప్పదియాఱు గదుల ఇనుపచట్రమును కల్పించి, గదికొక పనివానిని నిలిపి, 1825లో పని యారంభించెను. పనివాడు ఎదుటి పలకలలో ఒక్కొక్కదానిని తీసి, వెనుకనున్న మట్టిని కొంత త్రవ్వి, పలకను మరల బిగించును. అట్లు అంగుళములలో నడచిన పని! 1828 జనవరిలో నది విరుచుకొనిపడి ఆఱుగురిని బలిగొన్నది. ధనము లేక ఏడేండ్లు పని నిలిచెను. 1843లో సొరంగము తెఱచిరి గాని, గుఱ్ఱపుబండ్లు దిగుటకు వలయు ఏటవాలు దారులకు డబ్బు చాలలేదు. బండ్లకొఱకు త్రవ్విన బాటలో మనుష్యులు మాత్రమే నడచిరి. 1869నుండి అందు రైళ్లు తిరిగినవి. థేమ్సు క్రింద నిజమైన బండిబాటలు బ్లాక్‌వాల్‌లో 1897లోను, రాదర్‌హైతులో 1908లోను ఏర్పడినవి. నదిక్రింద నడుచు బాటకు నదీగర్భముకన్న ఇరుదరుల దిగుడుదారులే భారమను సంగతిని బ్రూనెల్ కష్టము తేటపఱచుచున్నది.

హుగ్లీ క్రింద మొదట దాటినది విద్యుత్తు. కలకత్తా ఎలక్ట్రిక్ సప్లయి కార్పొరేషన్ 1931లో విద్యుత్ తీగలకై ఒక సొరంగము నిర్మించినది. లండను భూగర్భ రైళ్లలో ఆఱితేఱిన హార్లీ డాల్రింపిల్-హే దానికి రూపకర్త. 1984లో భారతదేశమున తొలి మెట్రో రైలు కలకత్తాలోనే నడచినను, అది నదిజోలికి పోలేదు.

2017 వేసవిలో రచన, ప్రేరణ అను పేళ్లుగల రెండు యంత్రములు హౌరావైపునుండి నదిక్రిందికి సాగినవి. బ్రూనెల్ పలకలు చేసిన పనిని ఇవి వేఱొక విధమున చేసినవి: త్రవ్విన మట్టినే ముఖభాగపు గదిలో అదిమి పట్టి, ఆ యొత్తిడితో ఎదుటి నేల కూలకుండ, నీరు చొరకుండ నిలుపుచు, వెనువెంటనే కాంక్రీటు తునకలను వలయములుగా అమర్చుచు పోయినవి. నదిక్రింద 520 మీటర్ల జంట సొరంగములు ఏ ప్రమాదమును లేకయే ముగిసినవి.

అందఱు భయపడిన నది దారి యిచ్చినది. ఎవరును అంతగా భయపడని నేల మోసగించినది. 2019 ఆగస్టు 31వ తేదీన నగరమధ్యమున బౌబజారు క్రింద త్రవ్వుచున్న మఱియొక యంత్రము భూగర్భ జలపుపొరను తాకగా, నీరును మట్టియు సొరంగములోనికి ఉబికినవి. పైనున్న పాత యిండ్లు బీటలు వాఱి, కొన్ని కూలినవి. తరతరములుగా కాపురమున్న కుటుంబములు కట్టుబట్టలతో ఇండ్లు విడిచిరి. నదిక్రింది సొరంగము గుఱించి గర్వముగా చెప్పుకొనువారు ఈ వీథిపేరు తలంపరు, తలంపవలసినదే.

అందుచేత నదిని దాటిన దారి నగరమధ్యమున తెగియే యుండినది. 2024 మార్చిలో హౌరా మైదానమునుండి ఎస్ప్లనేడువఱకు మాత్రము రైళ్లు నడచినవి. బౌబజారు మీదుగా ఎస్ప్లనేడు, సియాల్దాలను కలుపు భాగము 2025 ఆగస్టు 22వ తేదీన తెఱవబడినది. భిలాయినుండి వచ్చినవాడు ఇప్పుడు హౌరాలో బండి దిగి, నేలక్రిందికి పోయి, రమారమి నలువదియైదు సెకండ్లలో నదిని దాటును. నది వచ్చెనని తెలుపుటకు సొరంగపు గోడలపై నీలిదీపములు వెలుగును. మోటారుబండ్లు మాత్రము వంతెనలమీదుగనే పోవుచున్నవి.