ప్రసంగ వేదిక ఎవరిది?

1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు మోకాళ్ళూని ప్రార్థన చేశారు. ఒంగోలు బాప్టిస్టు సంఘ చరిత్ర చెప్పే ప్రతి బోధకుడూ ఆ కొండ దగ్గర్నించే మొదలుపెడతాడు. లైమన్ జ్యూయెట్ దొర పేరు చెబుతాడు. మిగతా నలుగురి పేర్లు చెప్పడు. నేను పుస్తకాల్లో వెతుక్కున్నాను. ఒకరు దొరసాని. ఒకరు నర్సు అనే తెలుగు క్రైస్తవుడు. మిగిలిన ఇద్దరు జూలియా, రూతు. ఇద్దరూ తెలుగు స్త్రీలే. అంటే ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్ళు. కొండ ఎక్కేటప్పుడు ఆడది పనికొచ్చింది. గుడి కట్టాక ప్రసంగ వేదిక ఎక్కడానికి మాత్రం పనికిరాకుండా పోయింది. ఇది ఎట్లా జరిగింది? నేను అడిగే ప్రశ్న ఇదొక్కటే.

మాది ప్రకాశం జిల్లాలో ఒక మాదిగపల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. సర్కారు బడిలో పాఠాలు చెబుతాను. మా వంశంలో పాఠం చెప్పడం మాత్రం నాతో మొదలు కాలేదు. మా నాయనమ్మ బైబిలు స్త్రీ. తెల్లచీర కట్టుకొని, చంకన సంచి పెట్టుకొని చుట్టూ ఏడెనిమిది పల్లెలు నడిచేది. కల్లాల్లో, నాట్ల కాడ, బాలింతల మంచం పక్కన కూర్చొని వాక్యం చెప్పేది. అక్షరాలు రాని ఆడవాళ్ళకు కీర్తనలు నోటికి నేర్పింది. మా పల్లెలో సగం మంది ముసలమ్మలు ఓనమాలు ఆమె దగ్గరే దిద్దారు. జీతం పాస్టరుగారి జీతంలో మూడో వంతు. ఆదివారం గుడిలో ఆమె చోటు మాత్రం చాప మీద, ఆడవాళ్ళ వైపు. ప్రభు బల్లకు రొట్టె చేసేది ఆమె. విరిచి పంచేది అయ్యగారు.

"వారమంతా నేను చెప్పిందే ఆయన ఆదివారం చెబుతాడు. కాకపోతే నిలబడి చెబుతాడు" అనేది నాయనమ్మ నవ్వుకుంటా.

ఆ నవ్వు వెనకాల చరిత్ర ఉంది. మా మాదిగలకు స్త్రీ నోట మతం వినడం కొత్త కాదు. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాడు. అదే ఏడు బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య మా మాదిగల్లో తొలి బోధకుడు. ఆ పేరయ్య క్రీస్తును ఎరగక ముందు యోగం నేర్చుకున్నది బందికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర. ఈ సంగతి క్లౌ దొర రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చేసిన పుస్తకంలో ఉంది. స్త్రీల హక్కుల కోసం రాసిన మేరీ వొలస్టన్‌క్రాఫ్ట్ మీద పరిశోధన చేసి డాక్టరేటు పొందిన మనిషి ఆమె. చెప్పులు కుట్టే మాదిగల కథలు రాసింది కూడా ఆమే.

అంతకు ముందు మాతంగి ఉంది. జాతరనాడు మాతంగి బెత్తం పట్టుకొని ఊళ్ళోకి పోయేది. పెద్దకులాల వాళ్ళను తాకేది, తిట్టేది, మొహాన ఉమ్మేది. వాళ్ళు కిక్కురుమనకుండా పడేవాళ్ళు. ఇది మా ఆడదాని అధికారమని పొగుడుకునే వాళ్ళున్నారు. నేను పొగడను. ఆ అధికారం ఒక్క పూటది. తెల్లారితే ఆమె మళ్ళీ అంటరానిదే, పైగా పెళ్ళికి నోచుకోనిది. దేవత పేరు చెప్పి ఆడపిల్లలను జోగినులుగా, మాతంగులుగా వదిలేసే ఆచారాన్ని చట్టం చేసి నిషేధించడానికి 1988 దాకా పట్టింది. మా ముత్తవ్వలు మిషను గుడికి నడిచొచ్చింది ఆ ఒక్క పూట గౌరవాన్ని వదులుకొని, ఏడాది పొడుగూ మనుషులుగా ఉందామనే.

1876-78 కరువు మీకు తెలుసు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వే పని గుత్తకు తీసుకొని మావాళ్ళకు కూలి ఇప్పించాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో ముంచింది మగవాళ్ళే. మునిగిన వాళ్ళలో ఆడవాళ్ళెందరో!

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్తగా చూడాలి. తొలి రోజుల్లోనే ఒంగోలు పెద్దకులాల వాళ్ళు కొందరు దొర దగ్గరకొచ్చి, మాదిగలను చేర్చుకోకపోతే మేం చేరతామన్నారు. దొర బైబిలు తెరిచాడు. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం కనపడింది. లోకం తృణీకరించిన వాళ్ళనే దేవుడు ఎన్నుకున్నాడని చెప్పే భాగం అది. పక్క గదిలో దొరసాని కూడా తనంతట తాను అదే భాగం తెరిచి చదువుతోంది. ఇద్దరూ మాదిగల పక్కనే నిలబడ్డారు. ఆ అధ్యాయం మా జాతికి గుడి తలుపు తీసింది.

ఇప్పుడు అదే పత్రిక పద్నాలుగో అధ్యాయానికి రండి. సంఘంలో స్త్రీలు మౌనంగా ఉండాలన్న మాట అక్కడుంది. మా గుడిలో ఆడవాళ్ళ నోరు మూయించడానికి పెద్దలు తీసేది ఆ అధ్యాయమే. మొదటి అధ్యాయంతో లోపలికొచ్చిన వాళ్ళే పద్నాలుగో అధ్యాయంతో తమ ఆడవాళ్ళను చాప మీద కూర్చోబెట్టారు! మధ్యలో పదకొండో అధ్యాయం ఉంది. అందులో స్త్రీలు ప్రార్థన చేసేటప్పుడు, ప్రవచించేటప్పుడు తలమీద ముసుగు ఉండాలంటాడు పౌలు. నోరే తెరవకూడని మనిషి ప్రవచించేటప్పుడు ముసుగేసుకోవడం ఏంది? రోమా పత్రిక చివర కెంక్రేయ సంఘంలో సేవ చేసే ఫీబేను ఆయనే సిఫారసు చేస్తాడు. ప్రిస్కిల్లను జతపనివారిలో లెక్కేస్తాడు. యూనీయను అపొస్తలుల్లో పేరున్న మనిషిగా చెబుతాడు. యేసు లేచిన వార్తను మగ శిష్యులకు మోసుకుపోయింది మగ్దలేనే మరియ. ఇవి ఏ అయ్యగారూ ప్రసంగానికి తీసుకోగా నేను వినలేదు.

స్త్రీకీ శూద్రుడికీ వేదం వద్దన్న మనువును మన సభల్లో తగలబెడుతున్నాం. మంచిదే. స్త్రీకి ప్రసంగ వేదిక వద్దనే మనువు మన గుడిలోనే కూర్చుంటే ఏం చేద్దాం?

మార్పు రాలేదని నేననను. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1970ల్లోనే స్త్రీలకు గురు అభిషేకం ఇవ్వడం మొదలుపెట్టింది. 2013లో ఇ. పుష్పలలిత నంద్యాల అధ్యక్ష మండలానికి బిషప్ అయ్యారు. ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్ ఆమే. ఇంగ్లాండు సంఘానికి మొదటి మహిళా బిషప్ వచ్చింది 2015లో. మతం మోసుకొచ్చిన దొరల దేశం కంటే మన నంద్యాలే ముందు నడిచింది. అయితే మా బాప్టిస్టుల్లో ఏ సంఘం నిర్ణయం ఆ సంఘానిదే. కాబట్టి పై నుంచి ఎవరో ఆజ్ఞ పంపుతారని ఎదురుచూడటం దండగ. తేలాల్సింది మా పల్లె కమిటీలోనే. ఆ కమిటీలో ఇవాళ్టికీ అంతా మగవాళ్ళే. ఏడాదికొక ఆదివారం స్త్రీలదని ఇస్తారు. ఆ పూట నన్నూ మాట్లాడమంటారు, వేదిక కింద మైకు పెట్టి.

దళిత క్రైస్తవురాలికి దెబ్బలు మూడు వైపుల నుంచి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవులైన మమ్మల్ని షెడ్యూల్డు కులం కాదంది. రాష్ట్రంలో బీసీ-సీ గ్రూపులో పెట్టి ఒక్క శాతం చేతిలో పెట్టారు. ఊరు మాత్రం మమ్మల్ని మాదిగలుగానే చూస్తుంది. గుడి ఆడవాళ్ళుగా చూస్తుంది. మొదటి రెంటి మీద మన మగవాళ్ళు ధర్నాలు చేస్తారు, నేనూ వెళ్తాను. మూడోదాని గురించి ఎత్తితే ఉద్యమం చీలిపోతుందంటారు. ఆడవాళ్ళ నోరు మూయిస్తే అతుక్కునే ఉద్యమం ఎన్నాళ్ళు నిలబడుతుంది?

మా గుడి గోడకు చలవరాయి పలక ఉంది. అందులో దొరల పేర్లు, పాస్టర్ల పేర్లు, బెంచీలిచ్చిన వాళ్ళ పేర్లు కూడా ఉన్నాయి. ముప్పై ఏళ్ళు నడిచిన బైబిలు స్త్రీ పేరు లేదు.

ఇది చదివే విద్యార్థులకు నేను పెట్టే పని ఒకటుంది. మీ పల్లెకు పోండి. అక్కడ తిరిగిన బైబిలు స్త్రీ ఎవరో ముసలివాళ్ళను అడగండి. ఆమె పేరు, ఏ పల్లెలు తిరిగింది, ఎంత జీతం ఇచ్చారు, ఎవరికి చదువు నేర్పింది రాసుకోండి. ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాళ్ళు ఇంకా కొందరే మిగిలున్నారు. వాళ్ళు పోయాక పలక మీద ఉన్నదే చరిత్ర అవుతుంది.